బద్రియా చదివి వినిపించని నవల

నగ్ రశ్వాన్‌లో పుస్తకాలు చదివే ఆడది బద్రియా ఒక్కతే. ఊళ్ళో ఆ మాటను మెచ్చుకోలుగా అనేవాళ్ళు తక్కువ. "రొట్టె పొయ్యిలో పెట్టి పుస్తకం పట్టుకుంటుంది, మాడు వాసన కొడితే గానీ ఈ లోకంలోకి రాదు" అని పక్కింటి ఉమ్ సాబిర్ ముఖం మీదే అనేసేది. అందులో అబద్ధం లేదు కనుక బద్రియా నవ్వి ఊరుకునేది.

నైలు నదికి పడమటి ఒడ్డున, కొండవాలు మీద అతుక్కున్న ఊరది. ప్రతి ఇంటికీ వెనక గోడ కొండే. కొండ నిండా సమాధులు, వేల ఏళ్ళ కిందటి మంత్రులవీ, గుమాస్తాలవీ, వాళ్ళ పెళ్ళాలవీ. బద్రియా వాళ్ళ మేకల దొడ్డి వెనకున్న గుహ కూడా ఎవరిదో సమాధే. పొగ పట్టి గోడల మీది బొమ్మలన్నీ నల్లబడిపోయాయి, ఒక మూల మాత్రం బాతుల వరస కనిపించేది. చిన్నప్పుడు బళ్ళో ఒక పుస్తకం తిరగేస్తుంటే ఆ కొండ ఫొటో కనబడింది. అందులో తమ ఇంటి పైకప్పు గోరంత కనిపించింది. "మన దొడ్డి పుస్తకంలో పడిందే అమ్మా!" అని అరుచుకుంటూ ఇంటికి పరుగెత్తింది. ఆ రోజు పట్టుకున్న పిచ్చి మళ్ళీ వదల్లేదు. పాతకాలపు రాజులైన ఫరోల మీద, తవ్వకాల మీద అరబ్బీలో ఏ పుస్తకం దొరికినా చదివేసేది. చరిత్రలు, తవ్వినవాళ్ళు రాసుకున్న అనుభవాలు, మమ్మీలు లేచి తిరిగే చవకబారు నవలలు, అన్నీ ఒకే ఆబతో చదివేది. ఎస్నాలో పెళ్ళిచేసుకున్నవాడు పిల్లలు పుట్టలేదని తిప్పి పంపేశాక, ఊరి ఆడపిల్లల బళ్ళో పుస్తకాల గది చూసుకునే ఉద్యోగం దొరికింది. అంతటితో ఆమె జీవితానికి ఒక ఒడ్డు దొరికినట్టయింది.

ఆమె తండ్రి రయీస్ హసబల్లా. రయీస్ అంటే తవ్వకాల మేస్త్రీ. ప్రతి శీతకాలం విదేశాల నుంచి వచ్చే బృందాలకు మనుషుల్ని ఏరేదీ, గుంటలో నిలబెట్టేదీ, పార ఎక్కడ ఆపాలో చెప్పేదీ ఆయనే. ఆయనకు చదువు రాదు. పని మానేశాక సాయంత్రం నమాజు కాగానే ఇంటిముందు అరుగు మీద కూర్చుని, "తేవే అమ్మాయ్, ఇవాళ ఎవడు చచ్చాడో చదువు" అనేవాడు. బద్రియా చదివేది. ఆయన అడుగడుగునా అడ్డుపడేవాడు.

ఫరోలు ఖర్జూరపు చెట్లంత పొడుగుండేవాళ్ళని ఆయన నమ్మకం. ఏ పుస్తకం కాదన్నా ఒప్పుకునేవాడు కాదు.

"నాన్నా, వాళ్ళ శవాల పెట్టెలు నీ చేతుల్తోనే బయటికి తీశావు కదా. నీ మంచం కంటే పొడుగున్నాయా?" అని బద్రియా నిలదీసేది.

"ద్రాక్షపండు ఎండితే కిస్మిస్ అవదూ? మనిషి అన్నేళ్ళు ఎండితే కుంచించుకుపోడా? చదువుకున్నావు గానీ నీకు వంటింటి తెలివి కూడా లేదే."

ఆ పుస్తకాల్లో తమవాళ్ళు ఎలా కనిపిస్తారో బద్రియాకు తెలియకపోలేదు. చరిత్ర పుస్తకాల్లో తవ్వించిన దొరకు పేరుంటుంది, ఆయన కుక్కకు పేరుంటుంది. తవ్వినవాళ్ళు 'కూలీలు'. నవలల్లో ఇంకా అన్యాయం. కొండ మీద మనిషి కనిపించాడంటే వాడు దొంగైనా అయివుంటాడు, శాపం పెట్టే ముసలాడైనా అయివుంటాడు. పప్పులో రాళ్ళు ఏరినట్టు ఆ వాక్యాలు ఏరి పక్కనపెట్టి, మిగతాది తండ్రికి వినిపించేది. రాళ్ళున్నాయని పప్పు పారేసుకుంటామా అనుకునేది.

ఒక శీతకాలం వెరీనా వచ్చింది. యూరప్‌లో నవలలు రాసే మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేది. కైరో యాసలో అరబ్బీ తడుముకుంటూ మాట్లాడేది. కొండ కింద హోటళ్ళు తనకొద్దని, హసబల్లా ఇంటి మేడగది అద్దెకు తీసుకుంది. వచ్చిన వారానికే బద్రియాతో పాటు పొయ్యి దగ్గర చేరి, ఎండలో పొంగబెట్టిన రొట్టె ముద్దలు గుండ్రంగా చేయడం నేర్చుకుంది. పిండి అంటుకున్న చేతుల్తో ఇద్దరూ పుస్తకాల గురించి మాట్లాడుకునేవాళ్ళు. తను చదివినవన్నీ చదివిన మనిషి బద్రియాకు జీవితంలో అంతవరకు తగల్లేదు. "నువ్వు రాస్తున్న దాంట్లో మా ఊరుంటుందా?" అని సిగ్గుపడుతూ అడిగింది. "మీ ఊరే ఉంటుంది బద్రియా, మీ ఊరు లేకపోతే నవలే లేదు" అంది వెరీనా.

ఆ మాటకు బద్రియా కరిగిపోయింది. ఇంటి గడప దాటని సంగతులు కూడా చెప్పింది. కరువు రోజుల్లో ముత్తాత మేకల దొడ్డి గుహలోంచి ఏదో తీసి అమ్మాడు. పోలీసులు ఆయన్ను నడిబజారులో పడుకోబెట్టి అరికాళ్ళ మీద బెత్తాలతో కొట్టారు. పిల్లాడుగా ఉన్న హసబల్లా అది కళ్ళారా చూశాడు. అందుకే జీవితంలో ఒక్క పూస కూడా తన గోటికింద నిలవకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. ఒకసారి గుంటలోంచి ఇంటికొచ్చి అన్నానికి కూర్చుంటే, వేసుకున్న పొడుగు అంగీ, గలాబియా మడతలోంచి నీలి పూస ఒకటి కంచం పక్కన రాలింది. ఆయన ముద్ద వదిలేసి, మండుటెండలో మళ్ళీ కొండెక్కి, దొర చేతిలో పెట్టి వచ్చాడు. బద్రియా ఇది గర్వంగా చెప్పింది. వెరీనా కళ్ళు తుడుచుకుంది. వెళ్ళేటప్పుడు హసబల్లా చేతులు రెండూ పట్టుకుని, "మీరు నాకు తండ్రిలాంటివారు" అంది. ఆయన ఆమెకు దారి బత్తెంగా రొట్టెలూ, నువ్వుల హల్వా కట్టించి ఇచ్చాడు.

నవల ముందు వెరీనా భాషలో వచ్చిందని, బాగా అమ్ముడుపోయిందని చెప్పుకున్నారు. కొన్నేళ్ళకు అరబ్బీలోకి వచ్చింది. నది అవతల లక్సర్ బజార్లో పాతపుస్తకాలమ్మే తాదరస్, బద్రియా కోసం ఒక ప్రతి దాచిపెట్టాడు. "మీ ఊరి కథేనటమ్మా, నీకు కాక ఎవరికిస్తాను" అంటూ కాగితంలో చుట్టి ఇచ్చాడు. తిరుగు లాంచీలోనే చదవడం మొదలుపెట్టింది. లాంచీ ఒడ్డుకు తగిలి అందరూ దిగిపోయినా ఆమె లేవలేదు. తాళ్ళు కట్టే మనిషి వచ్చి, "ఏమమ్మా, వెనక్కొస్తావా?" అని అడిగాక దిగింది. ఇంటికి వెళ్ళే దారిలో చెరకుతోట గట్టు మీద కూర్చుని మిగతాది చదివింది.

తమ ఇంటి నీలం తలుపు, గోడ మీద మక్కా యాత్ర ఓడబొమ్మ, మేకల దొడ్డి, బాతుల గుహ, అన్నీ ఉన్నాయి. ఇంటి మేస్త్రీ పేరు రయీస్ హస్నల్లా, ఒక్క అక్షరం తేడా. అతని తాత కూడా నడిబజారులో బెత్తం దెబ్బలు తిన్నవాడే. పైకి ఒట్లు వేసే పెద్దమనిషి. లోపల ప్రతి సాయంత్రం గలాబియా మడతల్లో పూసలు, నగలు దాచి తెచ్చే గజదొంగ. చివరికి ఒక రాణి మెడలోని బంగారు పట్టెడ దొంగిలించి, అడ్డొచ్చిన కుర్ర శాస్త్రవేత్తను గుంటలోకి తోసి చంపేస్తాడు. అతనికో కూతురు, బదూర్. మొగుడు వదిలేసిన మనిషి. రొట్టెల బుట్ట అడుగున తండ్రి సరుకు పెట్టుకుని ఊరు దాటించేది ఆమే. గుడారాల్లో దొరల పక్కన పడుకునేదీ ఆమే. ఆ బదూర్ పొయ్యి దగ్గర కూర్చుని మాట్లాడే మాటల్లో సగం బద్రియా నోటి మాటలే.

తల కొట్టేసినట్టయింది బద్రియాకు. ఇంటికి వచ్చేసరికి తండ్రి అరుగు మీదే ఉన్నాడు. కాగితం పొట్లం చూశాడు.

"ఆవిడ పుస్తకమేనా? వచ్చిందా! కూర్చో, చదువు."

"అలసిపోయాను నాన్నా. రేపు."

"రేపటిదాకా నేనుంటానో లేదో. మొదటి ముక్కయినా చదవవే."

కూర్చుంది. పుస్తకం తెరిచింది. నీలం తలుపు వర్ణన చదివింది, ఆయన మురిసిపోయాడు. తర్వాత మేస్త్రీ వచ్చాడు. అక్కడ బద్రియా కళ్ళు అక్షరాల మీదే ఉన్నాయి, నోరు మాత్రం వేరే దారి పట్టింది. ఆమె నోట్లో హస్నల్లా మంచి మనిషయ్యాడు, కాస్త తిక్కవాడు, కూలీల పొట్ట కొట్టనివాడు. ఆ సాయంత్రానికి అది ఆగుతుందనుకుంది. మర్నాడు ఆయన మళ్ళీ కూర్చున్నాడు, ఆ మర్నాడూ కూర్చున్నాడు. బళ్ళో ఉన్నంతసేపూ తర్వాతి కథ అల్లుకునేది, సాయంత్రం పేజీలు తిప్పుతూ చెప్పేది. మేస్త్రీ ఒక రాణి సమాధి కనిపెట్టాడు. ఇసుక కూలి దొర చిక్కుకుంటే మేస్త్రీ భుజాల మీద మోసుకొచ్చాడు.

"అబ్బ, ఆవిడ నన్నెంత బాగా చూసిందే! తిక్క సంగతి కూడా వదల్లేదు చూడు" అని ఆయన తొడ చరుచుకునేవాడు. "పాపం, పెళ్ళాం పోయిన మనిషి. ఈ చివర్లోనైనా వాడికి ఇంకో పెళ్ళి చేస్తే బాగుండు."

బద్రియా రెండు పేజీలు తిప్పి పెళ్ళి చేసింది. డప్పులు, ఒంటెలు, విందు, అన్నీ పెట్టింది. ఆయన పడీపడీ నవ్వాడు. తండ్రీ కూతుళ్ళు అంత సంతోషంగా గడిపిన సాయంత్రాలు అంతకుముందు లేవు. 

సంతోషం పట్టలేక ఆయన కాఫీ దుకాణంలో చెప్పుకున్నాడు. ఊరి గైడు షాజ్లీ ఆ నవల ముందే చదివాడు. కొంతసేపు ఓపిక పట్టాడు, తర్వాత నవ్వాపుకోలేకపోయాడు.

"రయీస్, నీ రాణి సమాధి సంగతి నాకు తెలీదు గానీ, బంగారు పట్టెడ ఎక్కడ దాచావో చెబితే మేమూ బాగుపడతాం కదా!"

అందరూ గొల్లుమన్నారు. ఆయనకు అర్థం కాలేదు. షాజ్లీ తన సంచిలోంచి పుస్తకం తీసి, ఒక పేజీ గట్టిగా చదివాడు. ఇంకోటి చదవబోతే ముసలివాళ్ళే, "ఇక చాల్లేరా" అని ఆపారు.

హసబల్లా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చోలేదు. లోపలికి వచ్చి, వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. బద్రియా మొలోఖియా ఆకు తరుగుతోంది.

"నువ్వు చదివింది ఆ పుస్తకంలో ఎక్కడుంది?"

ఆమె చేతిలో కత్తి ఆగింది. "లేదు నాన్నా."

"మరెక్కడిది?"

"నేనే చెప్పాను."

"పెళ్ళి కూడానా?"

"పెళ్ళి కూడా."

"ఆ పూస సంగతి ఆవిడకెలా తెలిసింది? మా తాత దెబ్బలు తిన్న సంగతి ఎవరు చెప్పారు?"

బద్రియా తల వంచుకుంది. తిడతాడనుకుంది, కొడతాడేమోననుకుంది. ఆయన గుమ్మం వదిలేసి, "ఇంక నాకేమీ చదవకు" అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ చదవమని అడగలేదు.

ఆ ఏడు తవ్వకాల బృందానికి కొత్త అధికారి వచ్చాడు. మేస్త్రీ పని హసబల్లా కొడుకు, బద్రియా తమ్ముడు కెనావీది. తండ్రి దగ్గరే నేర్చుకున్నాడు, అప్పటికి ఎన్నో శీతకాలాలు చేశాడు. అతన్ని పిలవలేదు. కెనావీ వెళ్ళి అడిగితే, కొత్తాయన మర్యాదగానే మాట్లాడాడు. మీ మీద మాకేం అనుమానం లేదు, ఊరికే మాటలు పడటం ఎందుకని జాగ్రత్త పడుతున్నాం, అన్నాడు. ఆయన బల్ల మీద ఆ నవలుందని కెనావీ వచ్చి చెప్పాడు. వారం తిరక్కుండా పోలీసులు వచ్చారు. మేకల దొడ్డి తవ్వారు, గుహలో రాళ్ళు తిరగేశారు, నేల చప్పుడు వేరేగా ఉందని రొట్టెల పొయ్యి పగలగొట్టారు. మసి తప్ప ఏమీ దొరకలేదు. వెళ్తూ వెళ్తూ, "కథల్లో ఊరికే రాయరు కదా" అని ఒక పోలీసు రెండోవాడితో అనడం బద్రియా విన్నది.

కెనావీ నెలల తరబడి పనిలేక తిరిగాడు. ఒక ఉదయం నవల చేతిలో పట్టుకుని ఇద్దరు విదేశీ ఆడవాళ్ళు నీలం తలుపు వెతుక్కుంటూ వచ్చారు. దొడ్డి చూపించమన్నారు. చూపించాడు. ఫొటోలు తీసుకుని, అతని చేతిలో నోటు పెట్టి వెళ్ళారు. మరుసటి వారం ఇంకో గుంపు వచ్చింది. నెల తిరిగేసరికి కెనావీ తలుపు మీద కొత్త నీలం రంగు వేయించి, పక్కన ఇంగ్లీషులో బోర్డు రాయించాడు. 'రయీస్ హస్నల్లా ఇల్లు'.

బడి నుంచి వచ్చిన బద్రియా బోర్డు చూసి మండిపడింది.

"సిగ్గు లేదురా? నాన్న లోపలుండగా గుమ్మానికి దొంగ పేరు కడతావా?"

"సిగ్గు పెట్టి పిండి కొనొచ్చా అక్కా? దొంగ కొడుకని పనిలోంచి తీసేశారు. తీసేశారు కదా, సరే, దొంగ కొడుకుగానే బతుకుతాను. నన్ను అడిగి రాసిందా ఆవిడ?"

"బోర్డు తీసేయ్."

"తీసేస్తాను. నీ పుస్తకాలతో నా పిల్లల కడుపు నింపు, ఇప్పుడే తీసేస్తాను." తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "ఆవిడకు కబుర్లు చెప్పింది నేను కాదక్కా."

బద్రియా లోపలికి వెళ్ళిపోయింది. బోర్డు అలాగే ఉండిపోయింది.

రెండేళ్ళకు వెరీనా మళ్ళీ వచ్చింది. ఈసారి ఒంటరిగా కాదు, ఒక బస్సు నిండా తన పాఠకుల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఇది రాసిన చోటు, ఇది కథ మలుపు తిరిగిన చోటు అని చూపిస్తూ కొండెక్కింది. కెనావీ ముందుగా కుర్చీలు వేయించాడు, టీ కాయించాడు. వెరీనా గుమ్మంలోనే బద్రియాను గట్టిగా కౌగలించుకుంది.

"బద్రియా, నా ప్రాణమా! చదివావా? నీకు నచ్చిందా?"

బద్రియా ఆమె చేతులు విడిపించుకుంది. "మా నాన్నను దొంగను చేశావు. నన్ను ఏం చేశావో నా నోటితో చెప్పలేను."

వెరీనా నిజంగానే ఆశ్చర్యపోయింది. "అది నవల కదా! నువ్వు ఇన్ని నవలలు చదివిన మనిషివి. హస్నల్లా మీ నాన్న కాదు, ఆ అమ్మాయి నువ్వు కాదు. నీకు ఆ సంగతి నేను చెప్పాలా?"

"నాకు చెప్పక్కర్లేదు. మా పొయ్యి పగలగొట్టిన పోలీసులకు చెప్పు."

"పొయ్యి పగలగొట్టారా? అయ్యో!" వెరీనా నుదురు చిట్లించింది. ఒక క్షణం బాధపడింది కూడా. "కానీ చూడు, ఇంతమంది మీ ఇల్లు వెతుక్కుంటూ వస్తున్నారు. నేను రాయకపోతే ఈ ఊరి పేరు ఎవరికి తెలుసు?"

అప్పుడే లోపలి తలుపు తెరుచుకుంది. హసబల్లా బయటికి వచ్చాడు. ఉతికిన తెల్ల గలాబియా వేసుకుని, కర్ర పట్టుకుని, వచ్చి తన అరుగు మీద కూర్చున్నాడు. చాలాకాలంగా మనుషులున్నప్పుడు ఆయన బయటికి రావడమే లేదు. కెమెరాలన్నీ అటు తిరిగాయి.

"అమ్మా వెరీనా, బాగున్నావా?"

"బాగున్నాను రయీస్, మీరెలా ఉన్నారు?"

"నీ దయ. ఒక్క సంగతి అడుగుతాను చెప్పు. నీ పుస్తకంలో రాణిగారి బంగారం నేనే ఎత్తుకుపోయానంట కదా?"

"అది మీరు కాదు రయీస్..."

"నేనే అనుకో. అంత బంగారం కొట్టేసినవాణ్ణి, ఇంకా ఈ మట్టింట్లోనే ఎందుకుంచావు? ఒక మేడైనా కట్టించలేకపోయావా? దొంగను చేస్తే చేశావు, ఇంత తెలివితక్కువ దొంగను చేశావేమిటి తల్లీ?"

ఆయన గొంతులో నవ్వు లేదు. కర్రను నేలకు గట్టిగా అదిమి పట్టుకున్నాడు. బద్రియాకు అది కనిపించింది. వెరీనాకు మాట మాత్రమే వినిపించింది. తల వెనక్కి వాల్చి పకపకా నవ్వింది. వెంటనే తిరిగి ఆ మాటలు తన భాషలో వాళ్ళందరికీ చెప్పింది. వాళ్ళూ నవ్వారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, అందరూ అందుకున్నారు. ఒక ముసలాయన ముందుకు వచ్చి హసబల్లా పక్కనే అరుగు మీద కూర్చుని, భుజం మీద చెయ్యేసి ఫొటో తీయించుకున్నాడు.

హసబల్లా లేవలేదు, భుజం మీది చెయ్యి తీసేయలేదు. వాళ్ళు టీ తాగి దిగిపోయేదాకా అలాగే కూర్చుని, తర్వాత లోపలికి వెళ్ళాడు. బద్రియా వెంట వెళ్ళింది.

"బాగా అడిగావు నాన్నా" అంది, ఏదో ఒకటి అనాలని.

"నన్ను కోతిలా ఆడించారే" అన్నాడు ఆయన, గోడవైపు తిరిగి పడుకుంటూ.

ఆ వేసవిలో పోయాడు. కొండ కింద స్మశానంలో పెట్టారు. జనం బాగానే వచ్చారు. తవ్వకాల బృందం తరఫున ఎవరూ రాలేదు. ఆ రోజుల్లో వాళ్ళు ఊళ్ళో ఉండరు. కెనావీ మూడు రోజులు తలుపు మూసి, నాలుగోరోజు తెరిచాడు. గుంపులకు తండ్రి అన్న మాట చెబుతాడు, తెలివితక్కువ దొంగ మాట. గొంతు కూడా అచ్చం తండ్రిలాగే పెడతాడు. ప్రతిసారీ నవ్వుతారు.

బద్రియా ఆ ఇల్లు వదిలేసి, బడి దగ్గర ఒక గది తీసుకుంది. నవలలు ముట్టుకోవడం మానేసింది. కుండపెంకుల కొలతలు, పూసల రంగులు, గుంటల లోతులు మాత్రమే ఉండే పుస్తకాలు చదివేది. వాటిలో మనుషులు లేరు, లేని మనుషుల మీద అబద్ధాలు రాయలేరు కదా అనుకునేది. ఒకసారి తాదరస్ ఒక కొత్త చరిత్ర పుస్తకం ఇచ్చాడు. కొండ మీది సమాధులన్నిటి గురించీ చదువుకున్నవాళ్ళు రాసిన లావుపాటి పుస్తకం. తమ దొడ్డి గుహ దగ్గరికి వచ్చింది. బాతుల బొమ్మ గురించి చక్కగా రాశారు. కింద ఒక వాక్యం ఉంది. ఈ సమాధి ముందున్న ఇల్లు తరతరాలుగా సమాధుల దొంగలైన ఒక మేస్త్రీ కుటుంబానిదని స్థానికులు చెబుతారు.

స్థానికులంటే కెనావీయే. చెప్పింది అతనే, ఎన్నో గుంపులకు చెప్పాడు. ఆమె పుస్తకం మూసి, తాదరస్‌కు తిరిగి ఇచ్చేసింది. "చదివినదేనా?" అని అడిగాడు. అవునంది.

ఆ తర్వాత ఒక శుక్రవారం, కూరగాయల సంచితో లాంచీలో తిరిగి వస్తోంది. పక్కన కూర్చున్న ఒక విదేశీ పిల్ల ఒళ్ళో ఆ నవలుంది. కొత్త అచ్చు, అట్ట మీద నీలం తలుపు. ఆ పిల్ల చదువుతూ చదువుతూ తలెత్తి కొండవైపు చూస్తోంది. కళ్ళు మెరుస్తున్నాయి. ఆ మెరుపు ఏమిటో బద్రియాకు బాగా తెలుసు.

"మేస్త్రీ ఇల్లు ఎటు వెళ్ళాలి?" అని ఆ పిల్ల వచ్చీరాని అరబ్బీలో అడిగింది.

అలాంటి ఇల్లు లేదని చెప్పొచ్చు. పడిపోయిందని చెప్పొచ్చు. కొండకు అటువైపు చూపించి పంపేయొచ్చు, ఎండలో తిరిగి తిరిగి వెనక్కి పోతుంది. ఇంట్లో కెనావీ చిన్నకూతురికి జ్వరమని, మందుకు డబ్బుల్లేవని పొద్దున్నే కబురొచ్చింది.

"రేవు దిగి నేరుగా వెళ్ళు. చెరకుతోట దాటాక ఎడమవైపు. నీలం తలుపు" అంది బద్రియా, సంచి ఒళ్ళోకి లాక్కుంటూ.